కొబ్బరి తోటలకు క్రొత్త దింపువారిని చేర్చుకొను విధము
(కలిదిండి రైతులనుద్దేశించి చేసిన ఉపన్యాసము)



ఈ కొల్లేటి ప్రాంతమున చెరువు గట్లమీదను, ఇంటి దొడ్లలోను కొబ్బరి పెంచువారికి నేడు గలిగిన చిక్కు కాయ కాయకపోవుట గాదు. కాసిన కాయను దింపు మనిషి దొరకకపోవుట. పూర్వము మోకు పట్టి చెట్టెక్కినవారి కుమారులు చదువులకును, చేపల చెరువుల పనికిని, పట్టణములకును పోయిరి. వారిని నిందింప బనిలేదు. ప్రాణభయము గల పనిని రెండు నెలల కొకనాడు చూపి, తక్కిన దినములు పలుకరింపని యజమానికొఱకు ఎవరు కనిపెట్టుకొని యుందురు?

కావున క్రొత్తవారిని చేర్చుకొనక తప్పదు. చేర్చుకొన్న పిమ్మట “ఈ కాలపు కుఱ్ఱవాండ్రకు పనియందు శ్రద్ధ లేదు” అను మాట మనలో తఱచు వినబడును. నా యభిప్రాయము వేఱు. చెట్టుకింత యని మనము బేరమాడితిమి. వాడు చెట్లనే లెక్కపెట్టుకొని గబగబ ఎక్కి దిగినాడు. మొవ్వు పరీక్షించుటకును, తల శుభ్రపఱచుటకును వేఱుగా కూలి ఇచ్చితిమా? ఇయ్యని పనికి శ్రద్ధ కోరుట న్యాయము గాదు.

ఆ పైపని యెంత విలువగలదో చూడుడు. కొబ్బరికి కొమ్మలు లేవు. పెరుగు చోటు మొవ్వు ఒక్కటియే. అది చచ్చినచో చెట్టు చచ్చును. కొమ్ముపురుగు మొవ్వును దొలిచినపుడు, ఆపైని విచ్చిన ఆకు కత్తెర వేసినట్లు కనబడును. క్రింద నిలిచిన రైతునకు ఆ గుర్తు కనబడుసరికి పురుగు తన పని ముగించియే యుండును. పైనున్నవాడో, రంధ్రమును, దానినుండి వెలికి వచ్చిన నమలిన పీచును అప్పుడే చూచి, ఇనుప కొక్కెముతో పురుగును లాగివేయగలడు. వేపపిండిని ఇసుకతో కలిపి మట్టల సందులలో వేయగలడు. (ఆ పురుగు పిల్లలు పెరుగునది మన పెంటకుప్పలలోనే. దానిని తిరుగవేయు పని మాత్రము దింపువానిది గాదు, మనది.)

ఇక కత్తి సంగతి. క్రొత్తవాడు చెట్టు నునుపుగా కనబడవలెనని పచ్చిమట్టలను మొదలంట నఱకును. యజమాని చూచి మెచ్చుకొనును. యజమానికంటె ఎఱ్ఱ ముక్కుపురుగు ఎక్కువ సంతోషించును. పచ్చిగాయపు వాసనకు వచ్చి అది అచ్చట గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు మ్రానులోనికి తొలుచుకొనిపోయిన పిదప చెట్టు దక్కుట దుర్లభము. ఎండుమట్టలను మాత్రమే తీయవలెను. పచ్చిమట్టను కోయక తప్పనిచో మ్రానునుండి 4 అడుగులు విడిచి కోయవలెను. ఎక్కుటకు మ్రానున గంట్లు పెట్టుట బొత్తిగా కూడదు. ఈ సంగతులు మొదటి దినముననే, కత్తి చేతికిచ్చు నప్పుడే చెప్పవలెను. నఱికిన పిమ్మట కేకలు వేసిన లాభము లేదు.

దింపువారి కొఱత మనకే రాలేదు. కేరళమునను వచ్చినందున కొబ్బరి అభివృద్ధి మండలివారు 2011లో ‘కొబ్బరిచెట్టు మిత్రులు’ అను పేర యువకులకు 6 దినముల శిక్షణమును ఆరంభించిరి. యంత్రముతో ఎక్కుట, తెగుళ్లను గుర్తించుట, చెట్టు తల శుభ్రపఱచుట అందు నేర్పిరి. తరతరములుగా చెట్టెక్కని కుటుంబములవారును, స్త్రీలును నేర్చుకొనిరి. ఆ యంత్రము చెట్టును చుట్టిన ఇనుపతీగల పట్టుతో, కుడియెడమ పాదములను మార్చి మార్చి లేపినకొలది పైకి పోవును. చెట్టుచెట్టునకు విప్పి బిగింపవలసియున్నందున చేయితిరిగిన మోకువానియంత వేగము దానికి లేదు. అయినను క్రొత్తవానికి వేగముతో పనియేమి? ఆ మండలివారి క్షేత్రము మన ఏలూరు దాపున వేగివాడలో నున్నది; తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయ మున్నది. శిక్షణమును గూర్చి అచ్చట విచారింపుడు. చెట్టెక్కువారికి మండలివారు ఏర్పఱచిన బీమాను గూర్చియు అడుగుడు.

మనిషిని ఎన్నుకొనునపుడు “దినమునకు ఎన్ని చెట్లు ఎక్కుదువు?” అని మొదట అడుగకుడు. వానికొక మోకు ఇచ్చి ఊరకుండుడు. ఎక్కుటకు ముందు దానిని సాగదీసి, పీచు తెగినచోటు వెదకువాడు పనికివచ్చును. తడిసిన చెట్టెక్కను, గాలివేళ ఎక్కను అన్నవానిని సోమరి యనరాదు. ఎక్కుమని బలవంతపెట్టు యజమాని యొద్దకు మంచి పనివాడు రెండవమాఱు రాడు.

మొదటి కొన్ని దింపులకు చెట్టుకింత యను లెక్క మాని దినకూలి యిండు. పొట్టిచెట్లనే చూపి, ప్రక్కను పాత మనిషి నొకని నిలిపి, నేర్పినందులకు అతనికిని కూలి యిండు. నేర్పుట ధర్మకార్యమని చెప్పి ఊరకే చేయించుకొనుట తగదు. పిమ్మట చెట్ల లెక్కకు మాఱినను, మొవ్వు చూచుటకు వేఱు కూలి నిర్ణయింపుడు. పురుగును పట్టి చూపినవానికి అదనముగా నిండు. ఒక్కనికే దినములు చాలవు గనుక పదిమంది రైతులు కలిసి ఇద్దరు ముగ్గురిని కుదుర్చుకొని, ఏ తోటకు ఏ దినమో ముందే వరుస వేసికొన్నచో వారికి నెలపొడుగున పని యుండును. మోకులు, కొక్కెములు, నడికట్టులు రైతులే కొని, చినిగినది చినిగినట్లే మార్చవలెను. ఎవరి చెట్టున ఏ దినమున ఏ పురుగు కనబడినదో వ్రాయుటకు ఒక పుస్తకమును ఆ వరుసతోపాటు తోటతోటకును పంపుడు.