వెలుగు తొడుగుల వేషములు



పిల్లలకు వేషము కట్టుట మనకు క్రొత్త ముచ్చట కాదు. కృష్ణాష్టమినాడు పసివాని సిగలో నెమలిపింఛము దోపి, నడుమున మొలనూలు కట్టి, చిన్నికృష్ణుడని మురియు తల్లులు ఏ యూర లేరు? పగటివేషగాండ్రు వాకిట నిలిచినప్పుడు వారి వెంట వీథి వీథియు తిరుగని బాలుడెవ్వడు? ఆ ముచ్చటయే నేడు విచిత్రవేషధారణ మను పేర బడుల వార్షికోత్సవములలో సాగుచున్నది. అయితే నేటి పిల్లలు కోరు వేషములు కొన్ని మాఱినవి. ఒకడు వ్యోమగామి కావలెననును. ఒకతె యంత్రపు మనిషి కావలెననును. వేఱొకడు ఏదో దూరగ్రహమునుండి దిగివచ్చిన ప్రాణి కావలెననును. అంతటితో తీరదు, ముఖపు తొడుగుమీద నుదురో దవడయో దీపమై వెలుగవలెను.

ఈ కోరిక విన్నంతనే ఇంటివారు పట్టణమునకు పోయి అద్దెకో వెలకో ఒక వేషము తెత్తురు. పిల్లవాడు దానిని ఒక పూట తొడిగి విప్పును. అది ఎట్లు వెలిగినదో వానికి తెలియదు. ఇంటిలోని తాతకును తెలియదు. ఇది తమకు తెలియని విద్య యని పెద్దలు తొలగి నిలుతురు. నేనీ పూట మనవి చేయదలచినది వేఱు. ఈ విద్యలో మూడుపాళ్లు మీ చేతులకు తెలిసినదే. నాలవ పాలు ఒక్క దినములో నేర్వదగినది. ఆ నాలవ పాలులోనే ప్రాణాపాయ మొకటి దాగియున్నది గనుక, పెద్దలు తొలగి నిలువక పిల్లల దగ్గఱ కూర్చుండుట అవసరము.

మొదట వేషము యొక్క అర్థము పిల్లవానికి తెలియవలెను. రోబో అను మాట యెక్కడిది? 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన నాటకముతో ఆ మాట లోకమున వ్యాపించినది. చెక్ భాషలో రొబోత యనగా వెట్టిచాకిరి. అనగా యంత్రపు మనిషి వెట్టివాడే. ఈ మాట చెప్పినచో, వెట్టి యననేమో మీ పెద్దలవలన విన్న మీరు దానికి తోడు ఎంత కథయైనను చెప్పగలరు. ఇక వ్యోమగామి సంగతి. 1984 ఏప్రిలులో రాకేశ్ శర్మ అంతరిక్షమునకు పోయెను; 2025 జూనులో శుభాంశు శుక్లా పోయెను. మన తెలుగునేలమీది శ్రీహరికోటనుండి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రునిపై దిగినది. వ్యోమనౌక వెలుపలికి వచ్చునప్పుడు తొడుగు ఉడుపు తెల్లగా నుండుటకు కారణము, తెలుపు ఎండవేడిని త్రిప్పికొట్టుట. శిరస్త్రాణపు అద్దముమీద పలుచని బంగారు పూత యుండును. అదియు సూర్యుని తీక్ష్ణతను అడ్డుకొనుటకే. కావున ఇంట వేషము కట్టునపుడు పాత తెల్లచొక్కా, తెల్ల పైజామా చాలును. తొడుగు అంచున పసుపుపచ్చని మెఱుపు కాగితము అంటించిన చాలును. ఎందుకు తెలుపో, ఎందుకు పసుపో పిల్లవాడు చెప్పగలిగినచో ఆ వేషము సార్థకము.

ఇక తొడుగు చేయు విధము. వెదురుచేటల సందులు పూడ్చుటకు నానిన మెంతులను, కాగితపు గుజ్జును కలిపి రుబ్బి అలికెడి పద్ధతి మన యిండ్లలో నున్నదే. ముఖపు తొడుగునకును ఆ పనితనమే మూలము. పిల్లవాని మొగమంత యడుగు గల కుండను బోర్లించి, దానికి నూనె పూయుడు. పాత వార్తాపత్రికను రెండు వ్రేళ్ల వెడల్పు పేలికలుగా చింపి, పలుచని పిండి అంబలిలో ముంచి, ఒకదానిపై నొకటి పడునట్లు అంటింపుడు. మొదటి రెండు పొరలు ఆఱిన పిదప మఱి రెండు, అవి ఆఱిన పిదప మఱి రెండు వేయుడు. తొందరపడి ఒక్కమారుగా ఆఱు పొరలు వేసినచో లోపల తడి నిలిచి బూజు పట్టును. తుదిపొరగా మెంతిగుజ్జు అలికినచో నునుపు వచ్చును. రెండు మూడు దినముల యెండలో గట్టిపడిన పిదప కుండనుండి విడదీయవచ్చును. ముక్కు, కనుబొమలు ఎత్తుగా కావలెనన్నచో, కొండపల్లి బొమ్మలవారు చింతగింజల పిండిని ఱంపపు పొట్టుతో కలిపి మక్కు చేసి అతుకునట్లు, మీరును చేయవచ్చును.

కొలతలో ఏమఱకుడు. దారముతో పిల్లవాని మొగము కొలిచి, దానికి తగినట్లే కన్నుల తావులు గుఱుతుపెట్టుడు. కన్నులకు చిన్న బెజ్జములు చాలవు. ప్రక్కలకును, కాళ్లయొద్దకును చూపు సాగునంత వెడల్పు కావలెను. ముక్కు, నోరు మూయక, తొడుగు పైపెదవితో ముగియుట మేలు. మూడు నాలుగేండ్ల పసివారికి ముఖపు తొడుగే వలదు. టోపీ ముందుభాగమున వెలుగు పెట్టినచో వారికి చాలును.

ఇక వెలుగు. ఇచ్చటను మీకు తెలిసిన విద్యయే యున్నది. తోలుబొమ్మలాటలో తెఱవెనుక ఆముదపు దీపము మండుచుండగా, పలుచని మేకతోలుమీది రంగులు తెఱముందు కూర్చున్నవారికి జిగేలుమనెడివి. దీపము కనబడరాదు, దీపముచేత బొమ్మ కనబడవలెను. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో ఆ తోలుపనివారు దీపములకు తొడుగులు చేయుటయు ఆ సూత్రముమీదనే. మన తొడుగునందు నుదుటివద్దనో దవడవద్దనో సన్నని చీలిక కోసి, దానిని వెన్న కాగితముతో మూసి, వెనుక చిన్న దీపము నుంచినచో, చీలిక యంతయు ఒక్కతీరున వెలుగును. అయితే తోలుబొమ్మలాటకు లేని చిక్కు ఒకటి యిచ్చట కలదు. దీపము పిల్లవాని కన్నులకు దగ్గఱగా నుండును. ఆ కాంతి లోపలికి చెదరినచో వానికి ఎదుటి మెట్టు కనబడదు. కావున దీపమునకును మొగమునకును నడుమ దట్టమైన నల్లగుడ్డ అతికింపుడు. కన్నుల బెజ్జములలో దీపము పెట్టకుడు. కన్నులే వెలుగుచున్నట్లు కనబడవలెనన్నచో కనుబొమలపైని చీలికయే దూరమునకు ఆ భ్రాంతి కలిగించును.

దీపములకు ఎల్.ఇ.డి. అను చిన్న బుడ్లు తగినవి. ఇవి తక్కువ విద్యుత్తుతో వెలుగును. కాగితము నంటుకొనునంత వేడి యెక్కవు. ఎఱ్ఱని కాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హొలోన్యాక్ చేసి చూపెను. నీలికాంతి సాధించుటకు మఱి మూడు దశాబ్దములు పట్టినది; దానిని సాధించిన జపాను శాస్త్రజ్ఞులు ముగ్గురకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. ఈ బుడ్డికి రెండు కాళ్లుండును. పొడవు కాలు సెల్లు యొక్క ధనధ్రువమువైపునకు, పొట్టికాలు ఋణధ్రువమువైపునకు కలుపవలెను. తలక్రిందు చేసినచో వెలుగదు. రెండు పెన్సిలు సెల్లులను వరుసగా పెట్టిన 3 వోల్టులు వచ్చును. ఎఱ్ఱ బుడ్డికి సుమారు 2 వోల్టులు చాలును గనుక, మిగిలిన దానిని అణచుటకు ఒక్కొక్క బుడ్డికి 100 ఓముల నిరోధకము నొకదానిని త్రోవలో కలుపవలెను. దానిపై గోధుమ, నలుపు, గోధుమ రంగుల పట్టెలు వరుసగా నుండును. తెల్లని లేక నీలి బుడ్డికి మూడు సెల్లులు, 150 ఓముల నిరోధకము కావలెను. తీగలు అతుకుట రానివారికి అంగళ్లలో పెన్సిలు సెల్లులతో వెలుగు చిన్న దీపమాలలు మీటతోసహా దొరకును; అవియు చాలును. సెల్లులపెట్టెను తలపై గాక నడుమున కట్టి, తీగను వీపువెంట చొక్కాలోపల నడుపుడు. తీగను గాని త్రాటిని గాని మెడచుట్టు త్రిప్పకుడు.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రాణాపాయము. అంగళ్లలో దొరకు వెలుగుబొమ్మలలో, చిన్న దీపమాలలలో తఱచుగా నాణెము వంటి గుండ్రని సెల్లులుండును. పసివాడు దానిని నోట వేసికొని మ్రింగినచో, అది అన్నవాహికలో చిక్కుకొని, అచ్చటి తడిలో విద్యుత్తు పాఱి, క్షారము పుట్టి, కండను కాల్చును. ఇందుకు 2 గంటల కాలము చాలును. దీపము వెలిగింపలేని పాత సెల్లు సైతము ఈ పని చేయగలదు. మొదట దగ్గో, చొంగయో తప్ప వేఱు గుఱుతు కనబడకపోవచ్చును. అందుచేత ఇంట చేయు వేషములో ఆ సెల్లు వాడనే వలదు. ఒకవేళ మ్రింగినట్లు అనుమానము కలిగినను వాంతి చేయింపక, తెల్లవాఱనిమ్మని ఆగక, 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. ఏడాది దాటిన బిడ్డకు, మ్రింగి 12 గంటలు దాటకున్నచో, త్రోవలో 10 నిమిషముల కొకమారు రెండు చిన్న చెంచాల తేనె ఇయ్యవచ్చును. 6 మారులకు మించరాదు. తేనెకొఱకు ప్రయాణ మాపరాదు. ముక్కులోనో చెవిలోనో దూర్చుకొన్న సెల్లునకును వైద్యుని చెంతకే పోవలెను.

మఱి నాలుగు జాగ్రత్తలు. ఇంటి గోడలోని విద్యుత్తుకు గాని, ఫోను చార్జరునకు గాని ఈ తీగలు తగిలింపకుడు. పాత ఫోనులోని సెల్లు ఊడదీసి వాడకుడు. తొడుగు కాగితము గనుక కర్పూరము, దివిటీ, బాణసంచా దాపునకు రానీయకుడు. మినుకుమినుకుమను దీపము సెకనుకు 3 మారులకు మించి మెఱయరాదు. అట్టి వెలుగు మూర్ఛవ్యాధి గల కొందఱకు మూర్ఛ రప్పింపవచ్చును.

వేషము రాత్రివేళ బయటికి పోవునదైన మఱియొక మాట. అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్ అను పండుగరాత్రి పిల్లలు వేషములు దాల్చి ఇల్లిల్లు తిరుగుదురు. అచ్చట నివసించు తెలుగువారి పిల్లలును వారితో కలియుదురు. బండి దీపము సోకగానే మెఱయు పట్టీని దుస్తులకు అంటింపవలెనని అచ్చటి పెద్దలకు హెచ్చరికలు చేయుదురు. వినాయకుని ఊరేగింపుల రాత్రులలో మనకును ఈ హెచ్చరిక పనికివచ్చును. ముఖపు వెలుగు ముందునుండి వచ్చువానికే కనబడును. వీపున పట్టీ యున్న వెనుకవానికిని కనబడును.

పోటీకి రెండు దినములు ముందే పిల్లవానికి తొడుగు తొడిగి, దీపము వెలిగించి, వాకిట పది నిమిషములు నడువనిండు. గడప దాటుటలోనో, మెట్లు దిగుటలోనో తడబడినచో కన్నుల బెజ్జములు పెంచుడు. తీగ ఊడినచో మీరు కలుపక వానిచేతనే కలిపింపుడు. వేదికమీద వాడు ఊరక వెలుగుచు నిలువక, తానెవ్వరో, ఎచ్చటినుండి వచ్చెనో, తన దీపమెట్లు వెలుగుచున్నదో నాలుగు తెలుగు వాక్యములలో చెప్పగలుగవలెను. ఆ నాలుగు వాక్యములు అంగడిలో అద్దెకు దొరకవు.

పని ముగిసిన వెంటనే సెల్లులు తీసి పిల్లల కందని తావున ఉంచుడు. తొడుగును చిలుకకొయ్యకు తగిలింపుడు. మఱుసటి యేడు రంగు మార్చిన అది మఱియొక గ్రహపు ప్రాణి యగును. గుజ్జు మీరు రుబ్బుడు, తీగ మనుమడు కలుపనిండు, సెల్లులకు మాత్రము మీరే కాపుండుడు.