ఓవర్‌హాలు చేయించినా ఇంజను లాగకపోతే

(పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టరు మాట్లాడతాడు అనగానే ఓచర్లు, మినిట్సు పుస్తకం, ఆడిటు అభ్యంతరాలు గుర్తుకు రావడం సహజం. ఈరోజు మేము ఇంజను గురించి మాట్లాడదలచాము. మేము చదివినది మెకానికల్ డిప్లొమా, చేస్తున్నది సహకార శాఖ ఉద్యోగం. ఈ రెండూ కలిసే చోటు ఒకటి ఉన్నది. అది సంఘం ఖర్చుల ఖాతాలో "వాహన మరమ్మత్తులు" అనే పద్దు. ఒకే ఇంజనుకు ఒకే సంవత్సరంలో రెండు ఓవర్‌హాలు బిల్లులు కనబడితే, మొదటి బిల్లు తరువాత ఎవరు ఏమి పరీక్షించారని మేము అడుగుతాము. చాలాచోట్ల దానికి జవాబు ఉండదు.

ఇది కేవలం ఇంజను సంగతి కాదు. పితికిన పాలు పశువు ఒంటి వేడితోనే ఉంటాయి. వాటిని 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరిచేదాకా సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. ఎండాకాలంలో వ్యాను గట్టు ఎక్కలేక రెండు గంటలు ఆలస్యమైతే, డెయిరీ దగ్గర పరీక్ష గొట్టంలో పాలు కాచగానే విరిగిపోతాయి. ఆ నష్టం మెకానిక్కుది కాదు, డ్రైవరుది కాదు. ఒక్క గేదెను నమ్ముకొని పూటకు నాలుగు లీటర్లు పోసే సభ్యురాలిది. కనుక సొంత వ్యాను ఉన్న సంఘాలు, పాలశీతలీకరణ ట్యాంకు దగ్గర డీజిల్ జనరేటరు ఉన్న సంఘాలు ఈ విషయం కొంత తెలుసుకొని ఉండాలి.

ఓవర్‌హాలు అంటే లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చడం, హెడ్డు విప్పి వాల్వులు సరిచేయడం. ఇంత చేశాక కూడా ఇంజను లాగడం లేదంటే వెంటనే వినబడే మాటలు మూడు. "రింగులు ఇంకా కూర్చోలేదు" అని మెకానిక్కు అంటాడు. "సామాను నకిలీది" అని డ్రైవరు అంటాడు. "మళ్ళీ విప్పించండి" అని కమిటీ అంటుంది. మూడింటిలో ఏది నిజమైనా కావచ్చు. పరీక్ష లేకుండా ఏదీ నమ్మరాదు.

మీ కొట్టంలో జరిగే సంగతి ఒకటి గుర్తుచేస్తాము. ఈనిన పశువు పాలు తగ్గిస్తే మీరు ముందు ఏమి చూస్తారు? ఒక చన్నులోనే తగ్గాయా, నాలుగింటిలోనూ తగ్గాయా అని చూస్తారు. ఒక చన్నులోనే గడ్డలు, విరుగులు వస్తే పొదుగువాపు అనుకొని ఆ భాగం పట్టుకు చూస్తారు. నాలుగూ తగ్గితే మేత, నీళ్ళు, జ్వరం సంగతి చూస్తారు. నాలుగు సిలిండర్ల ఇంజనుకు కూడా ఇదే మొదటి ప్రశ్న. లోపం ఒక సిలిండరుదా, అన్నిటిదా?

ఈ ప్రశ్నకు పోకముందు బయట నుండే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. వ్యాను లాగకపోవడానికి ఒక్కోసారి ఇంజను కారణమే కాదు. బ్రేకులు పట్టుకొని ఉంటే కొద్ది దూరం పోగానే చక్రం డ్రమ్ము కాలిపోతుంది. క్లచ్చి జారుతుంటే ఇంజను మోత పెరుగుతుంది గాని వేగం పెరగదు. ఈ రెండూ లేవని తేలాక ఎయిర్ ఫిల్టరు చూడాలి. హెడ్డు విప్పినప్పుడు దుమ్ము పడకుండా గాలి గొట్టంలో కుక్కిన గుడ్డపీలిక తీయడం మరచిపోయిన సందర్భాలు కూడా లేకపోలేదు.

తరువాత పొగ రంగు. నల్లపొగ అంటే లోపలికి పోయే గాలికి డీజిల్ ఎక్కువైనదని అర్థం. గాలి తక్కువైనా, నాజిల్ ధారగా కారుతున్నా ఇట్లే వస్తుంది. నీలిపొగ అంటే ఇంజను ఆయిల్ మండుతున్నది. కొత్త రింగులు వేసిన తొలి రోజులలో ఇది కొద్దిగా ఉండవచ్చు, కాని రోజు రోజుకు తగ్గాలి. తగ్గకపోతే రింగులో, వాల్వు సీళ్ళో చూడాలి. తెల్లపొగ కళ్ళు మండిస్తూ డీజిల్ వాసన వేస్తే డీజిల్ మండకుండానే బయటకు పోతున్నది. తెల్లపొగతో పాటు రేడియేటరులో నీళ్ళు తగ్గిపోతుంటే గాస్కెట్టును, హెడ్డును అనుమానించాలి. రేడియేటరు మూత మాత్రం వేడి మీద తీయరాదు.

ఆ పిమ్మట డీజిల్ దారి. ఓవర్‌హాలులో పైపులన్నీ విప్పి బిగిస్తారు. ఒక్క వాషరు సరిగా కూర్చోకపోయినా ఆ సందులో నుండి గాలి లోపలికి చేరుతుంది. ఇంజను స్టార్టయి కాసేపటికి నీరసపడుతుంది, లేదా ఆగిపోతుంది. ఫిల్టరు మార్చి, గాలి పూర్తిగా తీసి మళ్ళీ చూడాలి. ఇది కొద్దిపాటి ఖర్చుతో పోయే పని.

ఇక పొదుగు పరీక్ష వంటిది. పాతరకం పంపు ఉన్న ఇంజనులో, తెలిసిన మెకానిక్కు ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా ఒక్కొక్క ఇంజెక్టరు పైపు నట్టు కొద్దిగా వదులు చేస్తాడు. ఆ సిలిండరు పని చేస్తుంటే ఇంజను తడబడుతుంది. తడబడకపోతే ఆ సిలిండరు అంతకుముందే పని చేయడం లేదన్నమాట. అప్పుడు ఆ ఒక్కదాని నాజిల్, ట్యాపెట్ సందు, కంప్రెషను చూస్తే చాలు. నాలుగూ సమానంగా తడబడితే లోపం అన్నిటికీ ఉమ్మడిది. గాలి, డీజిల్ సరఫరా, పంపు టైమింగు, ఈ మూడింటిలో వెతకాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పైపులో నుండి చిమ్మే డీజిల్ చర్మం లోపలికి దూసుకుపోగలదు. కారుతున్న చోటును చేతితో తడమరాదు. కామన్ రెయిల్ ఇంజనులో ఈ నట్టు పరీక్ష అసలు చేయరాదు. దాని పైపులలో ఒత్తిడి వెయ్యి బార్లు కూడా దాటుతుంది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణాల డీజిల్ వ్యాన్లన్నీ ఇట్టివే అని తలచి జాగ్రత్తపడండి. వాటికి స్కానరు పెట్టి చూసేవాని వద్దకే పోవాలి.

మేము చూసిన ఒక ఉదాహరణ చెబుతాము. మెట్టప్రాంతంలోని ఒక సంఘం వ్యానుకు పూర్తి ఓవర్‌హాలు చేయించారు. బండి తిరిగి వచ్చిన నాటి నుండి పొద్దున స్టార్టు కాదు, అయితే తెల్లపొగ. నిండు క్యాన్లతో గట్టు ఎక్కలేదు, వేడెక్కుతుంది. మూడు పూటల పాలు డెయిరీలో విరిగాయి. ఇంజను మళ్ళీ విప్పించాలని కమిటీ తీర్మానం రాయబోతున్నది. సంతకాలకు ముందు ఒక్కపూట గడువు ఇమ్మని మేము కోరాము.

నట్టు పరీక్షలో నాలుగు సిలిండర్లూ సమానంగా తడబడ్డాయి. పైపులో బుడగలు లేవు. ట్యాపెట్లు సరిగా ఉన్నాయి. కంప్రెషను గేజి పెట్టి కొలిపించాము. నాలుగూ దాదాపు సమానం, కంపెనీ పుస్తకంలో చెప్పిన హద్దులోనే ఉన్నాయి. అంటే రింగులు, లైనర్లు, వాల్వులు బాగున్నట్లే. అవి మార్చడానికే కదా మళ్ళీ విప్పుతామన్నది! ఇక మిగిలినది టైమింగు. ముందు కవరు విప్పి చూస్తే పంపు గేరు ఒక్క పన్ను తప్పి కూర్చున్నది. డీజిల్ పడవలసిన దానికంటే ఆలస్యంగా పడుతున్నది. గుర్తుకు గుర్తు కలిపి బిగించారు. కొత్త సామాను ఏదీ కొనలేదు. సాయంత్రం అదే వ్యాను అదే గట్టు ఎక్కింది. ఆ సంఘానికి మిగిలినది రెండవ బిల్లు ఒక్కటే కాదు. పాలు పోయడం మానుకొని ప్రైవేటు వానికి పోద్దామా అని ఆలోచిస్తున్న సభ్యులు సంఘంలోనే ఉండిపోయారు.

కాబట్టి కమిటీవారికి మా మనవి ఇది. ఓవర్‌హాలుకు ముందే ఏయే భాగం ఎంత అరిగిందో కొలతలతో రాయించుకోండి. మార్చిన పాత సామాను సంచిలో పెట్టి తెప్పించుకోండి. పని తరువాత కంప్రెషను అంకెలు, ట్యాపెట్ సందు, టైమింగు సరిచూసినట్లు కాగితం మీద సంతకం తీసుకోండి. నిండు లోడుతో ఒక రూటు తిరిగి వచ్చేవరకు బిల్లులో కొంత భాగం నిలిపి ఉంచుతామని పని అప్పగించేటప్పుడే రాసుకోండి. ఇది మెకానిక్కును అనుమానించడం కాదు. మనం పాలు పోయించుకునేటప్పుడు కొలవడం లేదా, వెన్న చూడడం లేదా? కొలత ఉన్నచోట తగవు ఉండదు.

డ్రైవరు వంతు కూడా ఉన్నది. కొత్త రింగులు వేసిన బండిని తొలి రోజులలో విపరీతంగా లాగించరాదు. అట్లని గంటల తరబడి ఊరికే స్లోలో నడిపినా మంచిది కాదు. రింగులు లైనరుకు సరిగా ఒదగవు. మోస్తరు లోడుతో నడపాలి. తొలి ఆయిల్ మార్పు, హెడ్డు నట్ల బిగింపు కంపెనీ పుస్తకంలో చెప్పిన ప్రకారం జరగాలి. నీళ్ళు, ఆయిల్ మట్టం ప్రతిరోజూ లాగ్ పుస్తకంలో రాయాలి.

సులువైనది ముందు, ఖర్చైనది చివర. ఒకటా, అన్నీనా అని తేల్చుకోకుండా ఇంజను విప్పవద్దు. ఈ మాట మీ సంఘం గోడ మీద రాసిపెట్టుకున్నా తప్పులేదు.