మీ బిడ్డ మీతోనే ఉన్నాడా?

(రేడియో ప్రసంగ పాఠము. ధ్యాన భాగము: లూకా సువార్త 2:41–52)

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోను, చుట్టుప్రక్కల గ్రామములలోను ఈ ప్రసంగము వినుచున్న ప్రతి కుటుంబమును దేవుడు దీవించును గాక. ఈ దినమున తల్లిదండ్రులతో ఒక సంగతి మాట్లాడవలెనని ఆశపడుచున్నాను. పిల్లలను కూడా దగ్గర కూర్చోబెట్టుకొని వినండి.

మన ధ్యాన భాగములో ప్రభువైన యేసు 12 ఏండ్ల బాలుడు. పస్కా పండుగకు యెరూషలేము వెళ్లిన యోసేపు, మరియలు తిరుగు ప్రయాణములో ఒక దినమంతా నడిచారు. బిడ్డ మన గుంపులోనే వస్తున్నాడులే అనుకొన్నారు. బంధువులలో వెదకితే కనబడలేదు. వెనుకకు వెళ్లి వెదకగా మూడు దినములకు దేవాలయములో దొరికాడు. ప్రభువు ఏ తప్పూ చేయలేదు. తన తండ్రి మందిరములోనే ఉన్నాడు. అయితే ఆ తల్లిదండ్రుల ఊహను గమనించండి. మనవాళ్లలోనే ఉన్నాడు గదా అనే ధీమాతో ఒక దినము గడచిపోయినది.

ప్రియులారా, మన ఇండ్లలో జరుగుతున్నది కూడా ఇదే కాదా? మిర్యాలగూడలో తండ్రి రైసు మిల్లులో రాత్రి డ్యూటీకి వెళ్తాడు. సూర్యాపేటలో హైవే ప్రక్కన హోటలు నడిపే వారికి అర్ధరాత్రి దాకా తీరిక ఉండదు. కోదాడలో ఇంటర్ చదివే కుమారుడు గది తలుపు వేసుకొని కంప్యూటరు ముందు కూర్చుంటాడు. “మావాడు బజారున పడి తిరగడండీ, ఇంటిపట్టునే ఉంటాడు” అని తల్లి సంతోషముగా చెప్పుకొంటుంది. శరీరము ఇంట్లోనే ఉన్నది, నిజమే. మనస్సు ఎక్కడ ఉన్నది? ఎవరితో మాట్లాడుచున్నాడు? ఏమి చూచుచున్నాడు? మీరు గదిలోనికి రాగానే తెర ఎందుకు మారిపోవుచున్నది? ఫోను ఎందుకు బోర్లా పడుచున్నది?

ఒక పాత సంగతి జ్ఞాపకము చేస్తాను. ఒకప్పుడు మన ఊళ్లలో పిల్లలు ఇంటర్నెట్ చూడాలంటే నెట్ సెంటరుకు వెళ్లేవారు. 2011 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము ఆ సెంటర్లకు నియమములు పెట్టినది. క్యాబిన్ల అడ్డుగోడలు నాలుగున్నర అడుగులకు మించరాదు. క్యాబిన్లు లేని చోట కంప్యూటరు తెరలు అందరికీ కనబడేలా బయటి వైపుకు తిరిగి ఉండాలి. తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని వెంట లేకుండా మైనరు పిల్లలను క్యాబిన్‌లో కూర్చోనివ్వరాదు. డబ్బు తీసుకొని సెంటరు నడుపుకొనే పరాయివానికి ప్రభుత్వము ఈ నియమము పెట్టినది. మరి బిడ్డను కన్న మనము ఏమి చేయుచున్నాము? పైకప్పు దాకా గోడలున్న గది, లోపల గడియ, రాత్రంతా నెట్, చేతిలో ఫోను మనమే ఇచ్చుచున్నాము. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో ఆన్‌లైన్ తరగతులు మొదలైనప్పుడు చదువు కొరకు అప్పు చేసి ఫోను కొన్న తల్లిదండ్రులున్నారు. అందులో తప్పు లేదు. బడులు తెరిచిన తరువాత కూడా ఆ ఫోను బిడ్డ చేతిలోనే ఉండిపోయినది.

దీనికి మనము చేసే పనులు రెండు. ఒకటి, చూచీ చూడనట్లు ఊరుకొనుట. యాజకుడైన ఏలీ అదే చేశాడు. కుమారుల నడత తెలిసియుండియు వారిని అడ్డగించలేదని 1 సమూయేలు 3:13లో చూచుచున్నాము. రెండవది, ఒక్కసారిగా విరుచుకొనిపడి, కొట్టి, ఫోను నేలకేసి పగులగొట్టుట. పిల్లలకు కోపము రేపవద్దని ఎఫెసీయులకు 6:4లో తండ్రులకు హెచ్చరిక ఉన్నది.

2019 ఏప్రిల్‌లో హైదరాబాదు మల్కాజిగిరిలో ఒక 10వ తరగతి బాలుడు, పరీక్షల వేళ పబ్జీ ఆట ఆడవద్దని ఇంట్లో మందలించిన తరువాత తన ప్రాణము తీసుకొన్నాడు. ఆ తల్లిదండ్రులను నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. మందలించని తల్లిదండ్రులెవరు? ఆ బిడ్డ లోపల ఎంత భారమున్నదో దేవునికే తెలియును. ఆ ఆటను 2020 సెప్టెంబరులో ప్రభుత్వము నిషేధించినది. దాని స్థానములో మరొక ఆట వచ్చినది. డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణలో 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టము చేశారు. చట్టము మంచిదే, కాని అది వచ్చి మన పడకగది ముందు కాపలా ఉండదు.

మరి ఎట్లా చేయాలి? ఆదికాండము 3వ అధ్యాయము చూడండి. తప్పు చేసిన ఆదాము చెట్ల మధ్య దాగుకొన్నాడు. దేవుడు మొదట ఎక్కడున్నావని అడిగాడు. తెలియక అడిగాడా? కాదు. దాగినవాడు తానే బయటికి వచ్చి నోరు తెరవాలని అడిగాడు. శిక్షను తప్పించలేదు గాని, పంపివేయక ముందు బట్టలు తొడిగాడు. పిల్లలు ఎందుకు దాస్తారు? కొందరు భయముతో, కొందరు సిగ్గుతో, కొందరు ఎవరో బెదిరించుచున్నందున. దాచుటకు కారణమేమో తెలియకుండా తెర మాత్రము ఆర్పివేస్తే, బిడ్డ దాగుకొనుటకు మరొక చెట్టు వెదకుకొంటాడు.

కనుక ఐదు సంగతులు చెప్పుచున్నాను. మొదటిది, కంప్యూటరును గదిలోనుండి హాలులోనికి తెండి. తెర నడిచే దారికి ఎదురుగా ఉండనివ్వండి. రాత్రి 9 గంటలకు ఇంటిలోని ఫోన్లన్నీ ఒకే చోట చార్జింగుకు పెట్టండి. అన్నీ అనగా నాన్న ఫోను కూడా. కుటుంబ ప్రార్థనలో ఒక కన్ను వాట్సాప్ మీద పెట్టిన తండ్రి మాట ఏ కుమారుడు వింటాడు?

రెండవది, సమయము ముందే నిర్ణయించండి. బిడ్డతో కూర్చొని, హోంవర్కు తరువాత ఎంతసేపో మాట్లాడి కాగితము మీద వ్రాయండి. అన్నము తినుటకు పసిబిడ్డ చేతికి ఫోను ఇచ్చే తల్లులారా, 2 ఏండ్లు నిండని బిడ్డకు తెర వద్దని, 2 నుండి 4 ఏండ్ల వారికి రోజుకు 1 గంటకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది.

మూడవది, దొంగచాటుగా నిఘా పెట్టవద్దు. ఫ్యామిలీ లింక్ వంటి యాప్ పెట్టదలచితే బిడ్డకు చెప్పి పెట్టండి. రహస్యమును రహస్యముతో గెలవలేము.

నాలుగవది, “ఏమి జరిగినా ముందు నాకు చెప్పు, నేను కొట్టను” అని మాట ఇచ్చి, ఆ మాట నిలుపుకొనండి. ఎవరైనా ఫోటోలు అడిగినా, బెదిరించినా బిడ్డను తిట్టకండి. డబ్బు పంపవద్దు, మెసేజీలు చెరిపివేయవద్దు. సైబర్ నేరములకు 1930, పిల్లల సహాయమునకు 1098 నంబర్లున్నవి. పరువు పోతుందని ఊరుకొంటే బెదిరించువానికే బలము.

ఐదవది, బిడ్డ నిద్ర, తిండి, చదువు మాని ఆట విడువలేక పోవుచుంటే అది సోమరితనమని కొట్టిపారవేయకండి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని జబ్బుల జాబితాలో చేర్చినది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2014 నుండి దీనికి ప్రత్యేక క్లినిక్ ఉన్నది. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరకు కూడా తీసుకొని వెళ్లండి. బిడ్డ బ్రతుకు మీద విరక్తిగా మాట్లాడితే ఒంటరిగా విడువకండి. 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు.

చిన్న తమ్ముడా, చెల్లీ, నీవు దాచుచున్నది నీకు బరువుగా ఉన్నదా? ఈ రాత్రి అమ్మతో గాని నాన్నతో గాని చెప్పు. వారితో చెప్పలేకపోతే నీ సండేస్కూలు టీచరుతో చెప్పు. చెప్పిన తరువాత నీకు నిద్ర పడుతుంది.

తల్లిదండ్రులారా, యోసేపు, మరియలు కుమారుడు లేడని తెలిసిన వెంటనే వెనుకకు తిరిగారు. దూరము వచ్చేశామని ఆగిపోలేదు. దొరికే వరకు వెదకారు. ఆ తరువాత ఆయన వారితో కూడ నజరేతుకు వచ్చి వారికి లోబడియున్నాడు. మీ బిడ్డ విషయములో ఎంత దూరము గడచిపోయినా ఈ దినమున వెనుకకు తిరగవచ్చును. మూసిన తలుపు దగ్గరకు వెళ్లి నెమ్మదిగా తట్టండి. “భోంచేద్దాం రా నాన్నా” అని పిలువండి. ప్రక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడండి.

ప్రార్థన చేసుకొందాము. ప్రేమగల మా పరలోకపు తండ్రీ, మా ఇండ్లలోనే ఉండి మాకు దూరమైన బిడ్డలను నీ చేతులకు అప్పగించుచున్నాము. వెదకే ఓపిక, వినే చెవులు, సరిదిద్దే ధైర్యము మాకు దయచేయుము. భయముతో దాగుకొన్న ప్రతి బిడ్డను వెలుగులోనికి నడిపించుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.