నాగార్జునకొండ త్రవ్వకములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



పల్నాటిసీమలో, కృష్ణకు కుడియొడ్డున, మూడువైపుల కొండలు కోటగోడలవలె నిలిచిన లోయ యొకటి యుండెను. అచ్చటి పల్లెజనులకు రాతికంబములు కనబడుచునే యుండెను గాని, వానిపై నున్న అక్షరములను చదువగలవారు లేకపోయిరి. ఆ ప్రాంతపు ఉపాధ్యాయు లొకరు ఈ సంగతిని ప్రభుత్వమునకు తెలియజేసిరి. 1926లో మదరాసు శాసనశాఖకు చెందిన రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూచి, అది ప్రాచీన బౌద్ధక్షేత్రమని గుర్తించిరి.

1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ దొరగారు అచ్చట త్రవ్వించిరి. మట్టిదిబ్బవలె నున్నది 106 అడుగుల వ్యాసముగల మహాచైత్యమని తేలెను. దాని కట్టడము బండిచక్రమును బోలియుండెను. ఇటుకగోడలు చక్రపు ఆకులవలె నడుమనుండి అంచువరకు సాగియుండ, వాని సందులు మట్టితో నింపబడియుండెను. అందొక గదిలో వెండిభరిణెయు, దానిలోపల బంగారుభరిణెయు, అందులో చిన్న ఎముకతునుకయు లభించెను.

బంగారముకంటె విలువైనవి శాసనములు. బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో నున్న వానిని వోగెల్ పండితులు చదివి ప్రకటించిరి. క్రీస్తుశకము మూడవ, నాలుగవ శతాబ్దములలో విజయపురినుండి యేలిన ఇక్ష్వాకుల చరిత్ర దానివలన విశదమయ్యెను. దాతలలో పెక్కురు స్త్రీలే! వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి మహాచైత్యమున స్తంభములు నిలిపెను. బోధిసిరి యను ఉపాసిక సింహళాచార్యులకు చైత్యగృహము కట్టించెను. వారు ధర్మము వ్యాపింపజేసిన దేశములలో కాశ్మీరము, గాంధారము, చీనా పేరులు ఆ శాసనమున నున్నవి. పల్నాటి రాతికి అంత లోకము తెలిసియుండెను!

పిదప సాగరనిర్మాణము తలపెట్టగా, 1954 నుండి 1960 వరకు సుబ్రహ్మణ్యంగారి యాజమాన్యమున లోయ యంతయు మరల శోధింపబడెను. కొన్ని కట్టడములను రాయి రాయిగా విప్పి, కొండమీదను అనుపులోను మరల నిలిపిరి. 1967లో సాగరజలములు కాలువలకు పారెను, పొలములు పండెను, లోయ మునిగెను. ఆ ఉపాధ్యాయులు తమకేల యని యూరకున్నచో, చాంతిసిరి పేరు ఎవరును చదువకయే నీటిపాలై యుండెడిది గదా!

కావున నాగలికి అక్షరముల రాయి తగిలినచో, దానిని గడపకో చాకిరేవునకో వేయరాదు, పగులగొట్టరాదు, ఉన్నచోటనే యుంచి పురావస్తుశాఖకు తెలుపవలెను. ఏ చేనిలో ఏ రాయి యున్నదో వ్రాసియుంచు పుస్తక మొకటి ప్రతి గ్రంథాలయమునను ఉండుట మేలు. దానిని చదువగలవారు నేడు కాకున్న రేపైనను రాగలరు. అందాక ఆ రాయిని కాపాడుట ఊరివారి ధర్మము.