తండ్రి దాచిన నిజం



ఖాలిద్ హొసేనీ 2003లో ప్రచురించిన 'ది కైట్ రన్నర్' నవలను స్నేహద్రోహ కథగా చదువుతాం. ఆ ద్రోహానికి వేరు తండ్రి మౌనంలో ఉన్నదని నా అభిప్రాయం.

కాబూల్‌లో ఒకే ఆవరణలో ఇద్దరు బాలురు పెరుగుతారు. అమీర్ పష్తూన్, యజమాని కొడుకు. హసన్ హజారా, సేవకుని కొడుకుగా పెరిగినవాడు. అమీర్‌కు బడి ఉంది, హసన్‌కు అక్షరం రాదు. కథలు చదివి వినిపించే అమీరే, అతనికి తెలియని మాటకు తప్పుడు అర్థం చెప్పి ఎగతాళి చేస్తాడు. 1975 శీతకాలంలో గాలిపటాల పోటీనాడు హసన్‌పై అత్యాచారం జరుగుతుంటే చూచి పారిపోతాడు. తండ్రి మెప్పు పొందడానికి ఆ నీలి గాలిపటం అతనికి కావాలి. తరువాత హసన్‌పై దొంగతనం కూడా మోపుతాడు.

పాపాలన్నీ దొంగతనాలేనని బోధించిన ఆ తండ్రి, హసన్ తన బిడ్డేనన్న నిజాన్ని మరణించేవరకు దాచాడు. ఒక కొడుకుకు తండ్రి పేరును, మరొక కొడుకుకు తమ్ముణ్ణి దక్కకుండా చేశాడు. హజారా స్త్రీకి కలిగిన సంతానాన్ని పష్తూన్ ప్రముఖుడు బహిరంగంగా ఒప్పుకోలేని సమాజమది.

హసన్ పెద్దవాడయ్యాక చదువు నేర్చి అమీర్‌కు ఉత్తరం వ్రాశాడు. కొడుకు సొహ్రాబ్‌కూ అక్షరాలు నేర్పాడు. అతణ్ణి తాలిబన్లు చంపారు. 2001లో అమీర్ ఆ బిడ్డను వెదకి అమెరికా తెచ్చాడు. మామగారు 'హజారా కుర్రాడు' అనగానే, వాడికి పేరున్నదని, వాడు తన తమ్ముని కొడుకని అందరి ఎదుట చెప్పాడు.

తండ్రి మౌనం అక్కడ ముగిసింది. అల్పసంఖ్యాకుల హక్కు న్యాయస్థానానికి చేరకముందే, భోజనాల వేళ ఇంట్లో వారిని పేరుపెట్టి పిలవడంతో మొదలవుతుంది.