పాత అంబాసిడర్ ఇంజనులో క్యామ్ బుష్‌లు
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో కొందరి ఇళ్లలో ఇంకా అంబాసిడర్ ఉంది. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లో తయారీ ఆగిపోయింది కనుక ఉన్నవాటిని కాపాడుకోవడమే మిగిలింది. "పెన్షన్ డబ్బు పోసి ఇంజను పని మొత్తం చేయించాను, అయినా వేడెక్కగానే ఆయిల్ ప్రెషర్ పడిపోతోందండీ" అని ఒకరిద్దరు నాతో అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

1959 నుంచి వచ్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో క్యామ్ షాఫ్టు బ్లాకులోనే మూడు బుష్‌ల మీద తిరుగుతుంది. ఉక్కు రింగు, లోపల వైట్ మెటల్ పూత. షాపువాళ్లు క్రాంకు గ్రైండ్ చేసి, మెయిన్ బేరింగులు మార్చి, వీటిని మాత్రం "బాగానే ఉన్నాయి సార్" అని వదిలేస్తారు. అరిగిన బుష్ పక్కనుంచి నూనె కారిపోతుంటే ప్రెషర్ ఎలా నిలుస్తుంది? పైగా బ్లాకును కాస్టిక్ తొట్టిలో ఉడికిస్తే ఆ పూత దెబ్బతింటుంది. ఉడికించిన బ్లాకుకు కొత్త బుష్‌లు తప్పవు.

ముందు బుష్ పెద్దది, నడిమిది కొంచెం చిన్నది, వెనకది ఇంకా చిన్నది. అందుకే షాఫ్టు ముందువైపు నుంచి దూరుతుంది. బుష్‌కు సరిపడే మెట్టు ఉన్న మాండ్రెల్ పెట్టి, పొడవాటి బోల్టుతో మెల్లగా లాగి ఎక్కించాలి. సుత్తి దెబ్బలకు అంచు వంకరపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం నూనె రంధ్రం. బుష్ రంధ్రం, బ్లాకు రంధ్రం ఎదురెదురుగా రావాలి. తప్పితే ఒక చిత్రం జరుగుతుంది. నూనెకు దారి మూసుకుంది కనుక మీటరు ముల్లు భేషుగ్గా నిలబడుతుంది, లోపల బుష్ మాత్రం ఎండిపోతుంది. పైన రాకర్లకు వెళ్లే నూనె కూడా ఒక క్యామ్ బుష్ మీదుగానే పోవాలి. మెయిన్ బేరింగు గూటిలోని రంధ్రంలోంచి సన్నని తీగ దూర్చి, మూడింటినీ మీ కళ్లతో చూసుకోండి.

బుష్ బిగిశాక లోపలి కొలత తగ్గుతుంది. మూడింటినీ ఒకే వరుసలో లైన్ రీమర్‌తో తీయాలి. ఖాళీ 0.001 నుంచి 0.002 అంగుళం. విడివిడిగా తీస్తే ఒక్కొక్కటీ సరిపోయినట్టే ఉంటుంది, షాఫ్టు ఎక్కించాక పట్టేస్తుంది. ఈ రీమర్ అన్ని లేత్ షాపుల్లోనూ ఉండదు. బ్లాకు అప్పగించే ముందే అడగండి, మొహమాటం వద్దు. రీమింగ్ రజను నూనె దారుల్లో మిగలకుండా కడిగించండి.

చివరగా నూనె రాసి, లోబులు పూతకు గీసుకోకుండా షాఫ్టు దూర్చి, గేరు పట్టుకుని చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా పట్టకూడదు. పట్టిందంటే బ్లాకు ఇంటికి తెచ్చుకోకండి.

మీ బండ్ల సంగతులేమైనా ఉంటే టీ దగ్గర మాట్లాడుకుందాం. సెలవు.