పిల్లి నేర్పిన భూతయజ్ఞం



ఈ వేదిక మీద మేము మహాపురుషులను గూర్చి, మహాక్షేత్రాలను గూర్చి ముచ్చటించుట మీకు పరిపాటి. ఈనాడు ఒక పిల్లిని గూర్చి చెప్పదలచినాము. నవ్వవద్దు. డెబ్బదియేండ్లు దాటిన పిదప ఆ ప్రాణి మాకొక పాఠం చెప్పినది. పాఠశాలలో ఏండ్ల తరబడి వల్లించి కూడ మేము అర్థం చేసికొనని పాఠమది.

తైత్తిరీయారణ్యకం దేవయజ్ఞం, పితృయజ్ఞం, భూతయజ్ఞం, మనుష్యయజ్ఞం, బ్రహ్మయజ్ఞం అని ఐదు మహాయజ్ఞాలను విధించినది. వీటిలో భూతయజ్ఞమనగా తోటి ప్రాణులకు బలి సమర్పించుట. బలి అనగానే వధ అని భ్రమపడరాదు. ఇక్కడ బలి అనగా అన్నపు ముద్ద. కాకికి, కుక్కకు, చీమకు ఇంత పెట్టి గృహస్థు తాను భుజించవలెనని భావం. మేము నిత్యం ఆ ముద్ద పెట్టుచునే ఉన్నాము. పెట్టినది ఆ ప్రాణికి ఒప్పునా అని ఒక్కనాడైనా ఆలోచించలేదు.

మా గ్రామం పర్చూరుకు, చిలకలూరిపేటకు నడుమ నల్లరేగడి నేల. ఒకవైపు ప్రత్తి, ఒకవైపు మిరప. నాలుగేండ్ల క్రిందట మాఘమాసంలో మిరప కల్లంలో గోనెపట్టాల నడుమ దొరికిన పిల్లికూనను ఒక రైతుబిడ్డ మా ఇంటికి తెచ్చినాడు. మా గృహిణి దానికి ముత్యమని పేరు పెట్టినది. ఉదయం పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, అపుడపుడు నేయి కలిపిన పప్పన్నం. సాత్త్వికాహారంతో మా ఇంటి పిల్లి కూడ ఋషి అయినదని వచ్చినవారితో గర్వంగా చెప్పెడివారము.

ఏడాది తిరుగకముందే ముత్యానికి వాంతులు మొదలైనవి. విరేచనాలు ఆగలేదు. బొచ్చు మాసిపోయినది. నిమిరిన వెన్నెముక చేతికి తగులసాగినది. అరుగుటలేదని మజ్జిగ పోసినాము. వాము కషాయం పట్టినాము. ఒక సాయంకాలం సంధ్యావందనం ముగించి లేచుసరికి అది గడప దగ్గర తన మలినంలోనే పడి ఉన్నది. మమ్ము చూచి లేవబోయి లేవలేకపోయినది. మేము మడి కట్టుకొని ఉన్నాము. ముట్టుకొందుమా, మానుదుమా అని ఒక క్షణం నిలిచిపోయినాము. ఆ క్షణం తలపునకు వచ్చిన ఇప్పటికీ సిగ్గు కలుగుచున్నది. పిదప చేతులలోనికి తీసికొని కడిగినాము. మరల స్నానం చేసినాము. స్నానానికి నీళ్లున్నవి గదా! దాని ప్రాణానికి మారు ప్రాణం ఎక్కడున్నది?

మరునాడు పశువైద్యుని కడకు పోయినాము. మా మనుమని ఈడువాడు. అంతయు విని, "తాతగారూ, మీరు ప్రేమతో పోసే పాలే దీన్ని బాధిస్తున్నాయి" అన్నాడు. పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలలోని చక్కెరను అరిగించుకొనే శక్తి ఉండదట. పైగా పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అను పదార్థాన్ని దాని శరీరం చాలినంత తయారు చేసికొనలేదు. మాంసం వలననే పొందవలెను. అది కొరవడిన పిల్లికి కంటి చూపు పోవునని 1975లోను, గుండె జబ్బు వచ్చునని 1987లోను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. మా పెరుగన్నంలో అది ఎంత వెదకినా దొరకదు.

వైద్యుడు మలపరీక్ష చేసి నులిపురుగులకు మందిచ్చినాడు. పాలు మాన్పించినాడు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి తగులకుండ ఉడికించిన ఒకే రకపు మాంసం కొద్దికొద్దిగా నాలుగైదు పూటలు పెట్టి, రెండు మూడు వారాలు గమనించుమన్నాడు. ఆ తరువాత పిల్లులకై తయారైన సంపూర్ణాహారానికి మార్చవలెనన్నాడు.

మాంసమనగానే మా నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక జీవిని కాపాడుటకు మరొక జీవి మాంసమా? ఇంతకాలపు ఆచారం ఏమి కావలెను? అపుడు ధర్మవ్యాధుడు మనస్సులో మెదలినాడు. మన అద్దంకిని ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱాప్రెగడ తెనిగించిన అరణ్యపర్వ శేషంలో ఆ కథ ఉన్నది. కోపంతో చూచి కొంగను కూల్చిన కౌశికుడనే వేదవేత్త, ఒక ఇల్లాలి మాట మీద మిథిలకు పోయి, మాంసం అమ్ముకొనే వాని వద్ద ధర్మం తెలిసికొన్నాడు. ఆ కథను ఎన్ని పర్యాయాలు పురాణం చెప్పినామో! ఆ కౌశికుడు మేమేనని మాత్రం ఆనాటి వరకు తోచలేదు.

గీత పదునేడవ అధ్యాయంలోని ఆహారవిభాగం సాధన చేసే మానవునికి చెప్పినది. పిల్లికి వ్రతం లేదు, సంకల్పం లేదు. మన నియమాన్ని దాని కడుపుపై రుద్దుట అహింస కాదు. మన పుణ్యానికి దానిని పస్తుంచుట. గాదెలో ఎలుకను పట్టిన నాడు మెచ్చుకొన్న మనమే, గిన్నెలో మాంసం కనబడిన ముఖం త్రిప్పుకొనుట ఏమి న్యాయం? అయితే ఇది మనకు మాంసభక్షణానికి అనుమతి అని ఎవరును అన్వయించుకొనరాదు. ఎవరి ధర్మం వారిది.

మా సంకోచం తెలిసి వీధి చివరి రైతు ఇల్లాలు వచ్చి, "అయ్యగారూ, వండిపెట్టే పని నాది. మీ పిల్లి మాకు బరువా?" అన్నది. ఆమె వండి తెచ్చును. మేము మా పశువుల కొట్టంలో వేరు గిన్నెలో పెట్టి, పిదప స్నానం చేసెదము. ఆచారానికి లోపం రాలేదు. ముత్యానికి రెండు వారాలలో విరేచనం గట్టిపడినది.

రోగం పూర్తిగా పోలేదు. పోకపోవచ్చునని వైద్యుడు ముందే చెప్పినాడు. కొన్ని నెలలకొకసారి తిరుగబెట్టును. అపుడు మాత్రలు, బి పన్నెండు విటమిను సూదులు. ప్రతిదినం అది తిన్నదా, కక్కినదా, మలం ఎట్లున్నది అని చూచి వ్రాసికొనుట మా ఇంట నిత్యకర్మలలో ఒకటైనది. ఒకనాటి దయ సులభం. ఫలం ఆశింపక దినదినం చేసే సేవయే కష్టం.

మీకు కొన్ని మాటలు మనవి చేసెదము. లంఖణం పరమౌషధమని మన సామెత. పిల్లికి అది చెల్లదు. రెండు మూడు దినాలు తినకున్న దాని కాలేయానికి ముప్పు. మన పారాసిటమాల్ మాత్ర దానికి విషం. ప్రత్తికి, మిరపకు పురుగుమందు కొట్టిన దినాలలో దానిని చేలోనికి పోనీయవద్దు. ఒంటికంటినది నాకి కడుపులోనికి తీసికొనును. పచ్చడి కలిపిన ఎంగిలి ముద్ద పెట్టి భూతయజ్ఞం చేసినామనుకొనవద్దు.

పెట్టుట ఒక ధర్మం. పుచ్చుకొనే ప్రాణికి ఏది హితమో తెలిసికొని పెట్టుట అంతకంటె పెద్ద ధర్మం. వృద్ధులైన తల్లిదండ్రులకు పెట్టునపుడు, రోగికి పెట్టునపుడు కూడ ఈ మాట తలచుకొనండి. సర్వభూతాంతర్యామి మీకు ఆ వివేకాన్ని ప్రసాదించుగాక!

స్వస్తి.